గాస్కెట్ పోయిందన్న యూనో: ఒక కేస్ స్టడీ

బండి 1991 ఫియట్ యూనో, రెండో సిరీస్. 999 సీసీ ఫైర్ ఇంజిన్, కార్బురేటర్, చల్లటి ఇంజిన్‌కి పెట్రోల్ ఎక్కువ అందించడానికి చేత్తో లాగే చోక్. మీటరు మీద 1,38,000 కిలోమీటర్లు. నా దగ్గరికి వచ్చేసరికే దాని జాతకం రాసేశారు: హెడ్ గాస్కెట్ (ఇంజిన్ బ్లాకుకీ పైనున్న హెడ్‌కీ మధ్య ఉండే పలచటి సీలు) పోయింది, ఇంజిన్ విప్పాలి, ఈ బండికి అంత ఖర్చు దండగ. యజమాని రిటైరైన టీచరు. ఆయనెవరో తెలియకుండా కొన్ని వివరాలు మార్చాను. కొలతలు మాత్రం నా నోటు పుస్తకంలో ఎలా ఉన్నాయో అలాగే ఇస్తున్నాను.

ఆయన రిపేరు కోసం రాలేదు. తుక్కుకి ఇచ్చేముందు కొత్త టైర్లు రెండు విప్పి పక్కన పెట్టించుకుందామని వచ్చారు. బానెట్ ఎత్తి చూస్తే ఇంజిన్ మీద ఒక్క ఆయిల్ చుక్క లేదు. "మాస్టారూ, ఒక వారం నా దగ్గర వదిలేయండి. బాగవకపోతే టైర్లు విప్పి నేనే ఇంటికి తెచ్చిస్తాను" అన్నాను. "నీ టైమ్ ఎందుకు పాడుచేసుకుంటావు బాబూ, దీని విలువెంతని?" అన్నారాయన. ఈ కేసులో అసలు రోగం ఆ ప్రశ్నలోనే ఉందని అప్పటికి నాకూ తెలీదు.

కొంత నా బలహీనత గురించి కూడా చెప్పాలి. అందరూ ఎగబడే పాత కార్లంటే నాకు పెద్దగా ఆసక్తి లేదు. వాటిని చూసుకోవడానికి మనుషులున్నారు, డబ్బుంది, విడిభాగాలు తయారుచేసేవాళ్ళున్నారు. నా మనసు లాగేది ఎవరూ తలతిప్పి చూడని బండ్ల వైపు. యూనోనే తీసుకోండి. 1983 జనవరిలో ఫియట్ దీన్ని కేప్ కెనావరల్‌లో, రాకెట్లు ఎగరేసే చోట, ఆర్భాటంగా విడుదల చేసింది. గీసింది ఇటలీ కార్ల డిజైనరు జుజారో. మరుసటి ఏడాది యూరప్ 'కార్ ఆఫ్ ది ఇయర్' పోటీలో ప్యూజో 205ని వెనక్కి నెట్టి గెలిచింది. ఇవాళ ఆ 205లో వేగమైన రకం జీటీఐని పట్టు గుడ్డ కప్పి దాచుకుంటున్నారు. దాన్ని ఓడించిన యూనో, అందులోనూ ఈ లీటరు ఇంజిన్ మామూలు రకం, ఎవరి లెక్కలోనూ లేదు. బ్రెజిల్‌లో 2013 దాకా తయారవుతూనే ఉంది. అన్ని దేశాల్లో కలిపి దాదాపు 88 లక్షలు తయారయ్యాయంటారు. అన్ని ఉన్నప్పుడు ఒకదాన్ని దాచాలని ఎవరికి తోస్తుంది? అలా చూస్తుండగానే కనుమరుగయ్యాయి.

దీనికో చుట్టం కథ కూడా ఉంది. జుజారో స్థాపించిన ఇటాల్ డిజైన్ 1993లో ఫియట్ చిన్న కారు చింక్వెచెంటో ఆధారంగా లూచోలా అనే నమూనా చేసింది. ఫియట్ వద్దనుకుంది. కొరియా కంపెనీ దేవూ పట్టుకుపోయి 1998లో మాటిజ్‌గా అమ్మింది. చిన్న చవక కార్ల చరిత్ర నిండా ఇలా ఒకరు వద్దన్నది ఇంకొకరి అన్నమయిన కథలే. మాటిజ్ గురించి ఇంకోసారి రాస్తాను, మొదలుపెడితే ఆగను.

ఈ యూనోలోని ఇంజిన్‌కి 'ఫైర్' అన్న పేరు వేడిని బట్టి రాలేదు. 'పూర్తిగా రోబోలు కూర్చిన ఇంజిన్' అన్న ఇంగ్లిషు మాటల మొదటి అక్షరాలవి. 1985లో ఆటోబియాంకి వై10తో మొదలైంది. తేలిక, భాగాలు తక్కువ, పైన ఒక్క క్యామ్‌షాఫ్ట్, బెల్టుతో తిరుగుతుంది. బానెట్ కింద చేయి దూర్చడానికి చోటుంటుంది. ఈ ఒక్క సంగతికే నేను దీనికి దండం పెడతాను.

పాత చరిత్ర

మాస్టారు మాస్టారే. ప్రతి బిల్లూ తేదీవారీగా ఫైల్లో కట్టి ఉంచారు, పక్కన ఎర్ర ఇంకుతో "ఫలితం" అని ఒక మాట. ఆ ఫైలు లేకపోతే ఈ కేసు ఇంకో నెల సాగేది.

నాలుగేళ్ళ కిందట క్లచ్ ప్లేటు మార్చారు. ఫలితం: బాగుంది. రెండు నెలలకి ఉదయం పూట సెల్ఫ్ బద్ధకంగా తిరగడం మొదలైంది, బ్యాటరీ మార్చారు. ఫలితం: కొన్నాళ్ళు. ఏడాది తిరక్కుండా ఇంకో బ్యాటరీ. తరవాత సెల్ఫ్ మోటారు విప్పి బుష్‌లు వేశారు. తరవాత యాక్సిలరేటర్ కేబుల్ పట్టేస్తోందని మార్చారు, ఎనిమిది నెలలకి మళ్ళీ మార్చారు. చోక్ కేబుల్ పై తొడుగు ఒకచోట కరిగిపోయింది. సైలెన్సర్ గొట్టానికి తగిలి ఉంటుందన్నారు, అది వెళ్ళే దారిలో సైలెన్సర్ గొట్టమే లేదు. ఆ పైన హీట్ ముల్లు పైకి పోవడం మొదలైంది. థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్ళని రేడియేటర్‌లోకి పోనివ్వని వాల్వు) తీసి పారేశారు. ఫలితం: తేడా లేదు. వాటర్ పంపు కొత్తది వేశారు. తేడా లేదు. రేడియేటర్ ఫ్యాన్ తనంతట తాను తిరగడం లేదని డ్యాష్‌బోర్డు కింద స్విచ్ పెట్టి డైరెక్టు చేశారు. మాస్టారి ఎర్ర ఇంకు ఇక్కడ కాస్త కోపంగా ఉంది: "ముల్లు ఇంకా పెరిగింది." చివరి కాగితం హెడ్ గాస్కెట్ ఎస్టిమేటు.

ఎవరినీ తప్పుపట్టడానికి ఇవన్నీ చెప్పడం లేదు. విడివిడిగా చూస్తే ప్రతి ఒక్కటీ అర్థమున్న పనే. ప్రతి ఒక్కరూ ఆ రోజు కనిపించిన లక్షణానికి, ఈ బండికి తగ్గంత ఖర్చులో మందు వేశారు. ఖరీదైన బండికి రోగం ఒకటే ఉంటుంది. చవక బండికి రోగం ఒకటి, దాని మీద మందులు అయిదారు. ముందు మందుల పొరలు ఒలిస్తేగాని రోగం కనపడదు.

"మాస్టారూ, ఎప్పుడు ఎక్కువ హీటెక్కుతుంది?"

"సాయంత్రాలు. రాత్రయితే మరీను."

"ఎండలో?"

"పగలు ఫరవాలేదు బాబూ. వేసవిలో కూడా పగలు ఇంత పోదు."

రాసుకున్నాను. ఎండలో చల్లగా ఉండి రాత్రి వేడెక్కే ఇంజిన్ లోకంలో ఉండదని అప్పుడే నాకు తట్టి ఉండాలి. తట్టలేదు.

పరీక్షలు

పాత చవక బండి ఏదొచ్చినా ఇంజిన్ కన్నా ముందు అడుగు భాగం చూస్తాను. ఇంజిన్ ఎప్పుడైనా బాగు చేయొచ్చు. బాడీ తుప్పు తినేస్తే ఎంత ప్రేమున్నా లాభం లేదు. స్క్రూడ్రైవర్ పిడితో కొట్టుకుంటూ వెళ్ళాను. రేకు గట్టిదైతే టంగుమంటుంది, కుళ్ళితే మొద్దుగా మోగుతుంది. ఎడమ వైపు జాకీ పెట్టే చోట బొటనవేలు పట్టేంత రంధ్రం. డిక్కీ తలుపు కింది అంచు పొంగింది. ముందు సస్పెన్షన్ పై కప్పులు, చాసిస్ కమ్మీలు శుభ్రంగా ఉన్నాయి. అంటే బతికే బండే.

గాస్కెట్ సంగతి అరగంటలో తేలింది. ఆయిల్ మూత లోపల మీగడలాంటి నురగ లేదు, అంటే ఆయిల్లో నీళ్ళు కలవలేదు. కంప్రెషన్, అంటే సిలిండర్‌లో గాలి నొక్కుకునే ఒత్తిడి, నాలుగు సిలిండర్లకీ వరసగా 11.6, 11.8, 11.5, 11.7 బార్, అన్నీ దగ్గరదగ్గరగానే. రేడియేటర్ మూతి దగ్గర నీలం మందు పెట్టి పరీక్ష చేశాను. సిలిండర్‌లోని పొగ కూలెంట్‌లోకి, అంటే ఇంజిన్‌ని చల్లబరిచే నీళ్ళలోకి, వస్తుంటే ఆ మందు పసుపుకి తిరుగుతుంది. పావుగంట నడిపినా నీలంగానే ఉంది. గాస్కెట్ నిక్షేపంలా ఉంది.

మరి ముల్లు? చీకటి పడే వేళ బండి తీసుకుని బయల్దేరాను. ముల్లు మధ్య గీతకి కాస్త పైన నిలకడగా ఉంది. హెడ్‌లైట్లు వేశాను. చూస్తుండగానే ముల్లు లేచింది. వెనకద్దం హీటరు, బ్లోయర్ కూడా వేశాను. ఎరుపు అంచుకి చేరింది. పక్కకి ఆపి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ థర్మోస్టాట్ గూటి మీద పెట్టాను: 71 డిగ్రీలు. ఎరుపులో ముల్లున్న ఇంజిన్ నిజానికి చలికి వణుకుతోంది. థర్మోస్టాట్ లేదు కదా, ఎంత నడిపినా వేడెక్కదు. ఫ్యాన్ తనంతట తాను తిరగకపోవడంలో వింతేముంది? తిరగాల్సినంత వేడి దానికి ఎప్పుడూ తగల్లేదు.

అప్పుడు మాస్టారి డైరెక్టు స్విచ్ నొక్కాను. ఫ్యాన్ బొయ్యిమంది. ముల్లు ఇంకొంచెం పైకి పోయింది. చల్లార్చడానికి పెట్టిన ఫ్యాన్ వేస్తే వేడి పెరగడం! రోడ్డు పక్కన ఒక్కడినే కూర్చుని నవ్వుకున్నాను.

ఇక్కడ నా పొరపాటు ఒకటి చెప్పాలి. కరెంటు లోపమని తెలిసింది గానీ ఎక్కడో ఆలోచించకుండా మర్నాడు మీటర్ల పలక విప్పాను. గంటన్నర పట్టింది, ఇక ఎక్కడా దొరకని ప్లాస్టిక్ కొక్కెం ఒకటి విరిగింది. పలక ఒళ్ళో పెట్టుకుని చూస్తుంటే అప్పుడు తోచింది: నిన్న రాత్రి హీట్ ముల్లు ఎగిరింది గాని పెట్రోల్ ముల్లు కదల్లేదు. రెండింటికీ కరెంటు వచ్చేది ఒకే చోట నుంచి. తేడా ఎర్త్ దగ్గర, అంటే కరెంటు తిరిగొచ్చే దారి దగ్గర. పెట్రోల్ సెన్సర్‌కి ఎర్త్ బాడీ నుంచి. హీట్ సెన్సర్ ఇంజిన్‌లో బిగించి ఉంటుంది, దానికి ఎర్త్ ఇంజినే. అంటే బాడీకీ ఇంజిన్‌కీ మధ్య దారి తెగి ఉండాలి. ఈ ఆలోచన రోడ్డు పక్కనే వచ్చి ఉంటే కొక్కెం మిగిలేది.

మల్టీమీటర్ ఒక కాలు బ్యాటరీ నెగెటివ్ మీద, ఇంకో కాలు ఇంజిన్ బ్లాకు మీద పెట్టి సెల్ఫ్ కొట్టించాను. 3.2 వోల్టులు. అర వోల్టు దాటితేనే ఎర్త్‌ని అనుమానించాలి. ఇంజిన్ నడుస్తుండగా లైట్లు, బ్లోయర్ అన్నీ వేస్తే 1.2. ఆ పైన జంపర్ కేబుల్ ఒకటి బ్యాటరీ నెగెటివ్ నుంచి నేరుగా ఇంజిన్ ఎత్తే కొక్కేనికి తగిలించాను. ముల్లు కిందికి దిగి, థర్మోస్టాట్ లేని ఇంజిన్ ఎక్కడుండాలో అక్కడ కూర్చుంది. సెల్ఫ్ కొత్తదానిలా గిర్రున తిరిగింది.

దోషం గేర్‌బాక్స్ నుంచి బాడీకి వెళ్ళే ఎర్త్ పట్టీది, జడలా అల్లిన రాగి తీగది. క్లచ్ ప్లేటు మార్చినప్పుడు గేర్‌బాక్స్ దించాలి, దించాలంటే ఈ పట్టీ విప్పాలి. తిరిగి బిగించినప్పుడు కింద మట్టి, పెయింటు గీకలేదు, వాషర్ పెట్టలేదు. రెండు నెలలకి తుప్పు చేరింది. బిల్లుల ఫైల్లో మొదటి పేజీ అదే.

ఒక తీగ, అన్ని జబ్బులు

ఇక్కడ కొంచెం నిదానంగా చెబుతాను. కొత్తగా పని నేర్చుకునేవాళ్ళు ఎక్కువగా తప్పేది ఇక్కడే. కరెంటు వెళ్ళే దారి అందరూ చూస్తారు, తిరిగొచ్చే దారి ఎవరూ చూడరు.

ఆల్టర్నేటర్, మనవాళ్ళు డైనమో అనేది, ఇంజిన్‌కి బిగించి ఉంటుంది. దానినుంచి బయల్దేరిన కరెంటు లైట్లలో, ఫ్యాన్‌లో పని చేసుకుని బాడీలోకి దిగి, ఆ పట్టీ మీదుగా ఇంజిన్‌కి తిరిగి రావాలి. పట్టీలో అడ్డంకి ఉంటే బాడీకన్నా ఇంజిన్ ఒకటింబావు వోల్టు కిందికి దిగిపోతుంది. హీట్ మీటరుకి పై నుంచి వచ్చే వోల్టేజి అలాగే ఉండి, కింద సెన్సర్ నిలబడిన నేల కుంగింది. మీటరులో కరెంటు ఎక్కువ పారుతుంది. వేడెక్కేకొద్దీ ఆ సెన్సర్ నిరోధం తగ్గి కరెంటు పెరుగుతుంది. పాపం మీటరుకి తెలిసిన భాష అదొక్కటే, కరెంటు పెరిగితే వేడి పెరిగినట్టు. ఎన్ని లైట్లు వేస్తే అంత వేడి చూపిస్తుంది. రాత్రి హీటెక్కడం, ఫ్యాన్ వేస్తే ఇంకా హీటెక్కడం, రెండూ ఇదే.

బ్యాటరీలు రెండు పోయింది కూడా ఇందుకే. ఆల్టర్నేటర్ దగ్గర 14.2 ఉంది. బ్యాటరీ దగ్గరకొచ్చేసరికి 13.0. లైట్లు వేసుకుని తిరిగిన ప్రతిసారీ అర్ధాకలే. సెల్ఫ్ మోటారు పాపం ఏమీ ఎరగదు, మూడు వోల్టులు దారిలోనే పోతుంటే అది ఏం తిరుగుతుంది? ఇక కేబుళ్ళు. సెల్ఫ్ లాగే పెద్ద కరెంటుకి పట్టీలో దారి దొరక్కపోతే ఇంజిన్‌కీ బాడీకీ మధ్య ఉన్న ఇంకే లోహమైనా పట్టుకుని పోతుంది. యాక్సిలరేటర్ తీగ, చోక్ తీగ. సన్నని ఉక్కు తీగలు అంత కరెంటు మోస్తే కాలతాయి, లోపలి తొడుగు కరిగి తీగని పట్టేస్తుంది. కేబుల్ తరచూ పట్టేస్తోందని ఎవరైనా అంటే నేనిప్పుడు గ్రీజు డబ్బా కన్నా ముందు మల్టీమీటర్ తీస్తాను.

చికిత్స, మళ్ళీ చికిత్స

పట్టీ విప్పి, రెండు చివర్లూ ఎమరీ కాగితంతో మెరిసేలా రుద్ది, బాడీ వైపు పెయింటు గీకి బిగించాను. సెల్ఫ్ కొట్టినప్పుడు 3.2 ఉన్నది 0.6కి దిగింది. ఇంకా అర వోల్టు గీతకి పైనే ఉంది. అయినా ముల్లు కుదుటపడింది కదా, ఈ బండికి ఇది చాలులే అనుకున్నాను.

అయిదు వారాలకి, నాలుగు రోజుల వాన తరవాత, మాస్టారి ఫోను. "బాబూ, మళ్ళీ ముల్లు లేస్తోంది."

వెళ్ళి చూస్తే 2.1. పట్టీ చివర రాగి జడని నొక్కి బిగించిన చోటు కోసి చూశాను, లోపలంతా పచ్చటి పొడి. పైన రుద్దితే మెరిసింది గాని లోపల ఎప్పుడో కుళ్ళింది. సిగ్గేసింది. నాకంటే ముందు చేసినవాళ్ళ మీద ఇంత విశ్లేషణ చేసి నేను చేసిందేమిటి? అదే పని. బండి విలువ చూసి పని కొలిచాను. కొత్త పట్టీకయ్యేది ఒక ఆయిల్ మార్పు ఖర్చులో చిన్న తునక.

ఈసారి 25 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్‌కి రెండు వైపులా లగ్గులు (బోల్టు పట్టే కన్నాలున్న కొనలు) నొక్కించి, లోహం తేలేదాకా గీకిన చోట పళ్ళ వాషర్‌తో బిగించి, పైన వాజిలీన్ పూశాను. సెల్ఫ్ కొడితే 0.14. లైట్లన్నీ వేస్తే 0.03.

తరవాత పని పాత మందుల పొరలు ఒలవడం. 87 డిగ్రీల దగ్గర తెరుచుకునే థర్మోస్టాట్ తిరిగి పెట్టాను, ఫ్యాన్ వైర్లు దాని సొంత థర్మో స్విచ్‌కి కలిపాను, కూలెంట్ మార్చాను. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో ఫైల్లో కూడా లేదు కాబట్టి అదీ వేశాను. జాకీ దగ్గర రంధ్రానికి రేకు వెల్డింగ్. డిక్కీ అంచు అలాగే వదిలేశాను, అందానికి తప్ప దానితో నష్టం లేదు.

పెట్రోల్ లెక్క మాస్టారే రాశారు. ముందు లీటరుకి 11.2 కిలోమీటర్లు, తరవాత వరసగా నాలుగు ట్యాంకుల సగటు 16.1. ఇందులో మాయేం లేదు. థర్మోస్టాట్ లేని ఇంజిన్ ఎప్పుడూ చల్లగానే ఉంటుంది, చల్లటి ఇంజిన్ తాగుతుంది, నడపడానికి చోక్ అరవాసి లాగే ఉంచాల్సొస్తుంది. తాగుబోతు బండి అన్న పేరు కూడా దాని మీద వేసిన మందు వల్లే వచ్చింది.

పద్నాలుగు నెలలయింది, 17,000 కిలోమీటర్లు నడిచింది. బ్యాటరీ అదే, కేబుళ్ళు అవే. రెండో గేరు చల్లగా ఉన్నప్పుడు గరగరమంటుంది, గేరు సాఫీగా పడనిచ్చే సింక్రో అరిగింది, దాని జోలికి పోలేదు. ముందద్దానికి ఒంటి వైపరు, యూనోకి పుట్టుకతో ఉన్నదే, జోరువానలో కుడి మూల తుడవదు. మాస్టారికి ఒక మాట గట్టిగా చెప్పాను: ఇది 1983 నాటి డిజైను, దీనిలో ఎయిర్‌బ్యాగులు లేవు, తలుపులు పల్చన, రాత్రిపూట హైవే ఎక్కొద్దు. ప్రేమున్నంత మాత్రాన రేకు మందం పెరగదు. ఇదే ఏడాది ఇంకో పాత హ్యాచ్‌బ్యాక్ వస్తే ముందు సస్పెన్షన్ కప్పుల దగ్గర స్క్రూడ్రైవర్ లోపలికి దిగిపోయింది. దాని ఇంజిన్ ఇంతకన్నా బాగుంది. అయినా తుక్కుకే పంపమన్నాను, పంపారు.

నా ఆశ ఒకటి చెప్పకపోతే ఈ రిపోర్టు పూర్తిగా నిజం కాదు. బండి బాగుపడ్డాక మాస్టారు నాకే ఇచ్చేస్తారేమో అనుకున్నాను. తాళాలు చేతిలో పెట్టగానే ఆయన సీటు వెనక్కి సర్దుకుని ఒక చుట్టు తిరిగొచ్చి, "ఇది పెళ్ళయిన కొత్తలో ఉన్నట్టుంది" అన్నారు. ఇక నేనేం అడుగుతాను?

డ్యాష్‌బోర్డు కింద డైరెక్టు స్విచ్ ఇంకా అలాగే ఉంది, వెనక వైర్లు మాత్రం తీసేశాను. మొన్న సర్వీసింగుకి వచ్చినప్పుడు పక్క సీట్లో కూర్చున్నాను. ఫ్లైఓవర్ ఎక్కుతుంటే మాస్టారి ఎడమ చేయి తనంతట తానే కిందికి వెళ్ళి ఆ స్విచ్ నొక్కింది. "అది పనిచేయదు కదా మాస్టారూ, తీసేయనా?" అన్నాను.

"ఉండనీలే" అన్నారు, ముల్లు వైపు చూస్తూ.